డైవ్ వాచీ క్రౌన్‌లోంచి నీరు దిగకుండా చేసుకున్న తీరు: నా అనుభవం

రుషికొండ తీరంలో ఈత ముగించి వచ్చిన సాయంత్రం, 200 మీటర్ల లోతుకు తట్టుకుంటుందని వెనుక మూతపై చెక్కి ఉన్న నా వాచీ అద్దం లోపల, నాలుగో అంకె పక్కన ఆవగింజంత ఆవిరి మచ్చ కనిపించింది. క్రౌన్‌ను, అంటే టైము సరిచేయడానికి వాచీ పక్కన ఉండే, మరతో బిగించే గుండీని, కదపకుండా వెంటనే వాచీ మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లాను. లోపల తేమ నిలిస్తే తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఆయన భూతద్దంలో చూపించినప్పుడు క్రౌన్ మర సందుల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, లోపలి రబ్బరు వాషరు నలిగి బల్లపరుపుగా అయిపోయింది. నీటిని ఆపేది ప్రధానంగా ఆ వాషరే. మర చేసే పని దాన్ని నొక్కి పట్టి ఉంచడం, క్రౌన్ పొరపాటున బయటికి రాకుండా చూడడం. ఇది తెలియక నేను ప్రతిసారీ బలంగా బిగించి వాషరును నలిపేశాను.

తేమ ఆరబెట్టి, కొత్త వాషరుకు సిలికాన్ గ్రీజు పలుచగా పూసి అమర్చాక, గాలి ఒత్తిడితో పరీక్షించి ఇచ్చారు.

ఇప్పుడు క్రౌన్‌ను మెల్లగా లోపలికి నొక్కుతూ మొదట వెనక్కి తిప్పుతాను. మర అంచు జారి చిన్నగా 'టిక్'మన్న చోట ఆగి, అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర వంకరగా పట్టదు. వేళ్లకు అడ్డు తగలగానే ఆపేస్తాను. సముద్రం నుంచి రాగానే, క్రౌన్ బిగించి ఉండగానే, మంచినీటితో కడుగుతాను.