విశేషణాల పర్యాయపదాలు: ప్రాథమిక తరగతుల పిల్లలకు ఎదురయ్యే చిక్కులు, వాటికి పరిష్కారాలు

చెన్నైలో మూడు నుంచి ఐదో తరగతి వరకు చదివే తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంట్లో వినిపించే మాట, సెలవు రోజు తరగతిలో దిద్దే అక్షరం. బడిలో అధికభాగం ఇంగ్లీషు నడుస్తుంది. 2006లో వచ్చిన రాష్ట్ర చట్టం ఒకటో తరగతితో మొదలుపెట్టి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది కనుక రెండో స్థానం దానిది. ఈ పరిస్థితిలో విశేషణాలకు పర్యాయపదాలు నేర్పేటప్పుడు తలెత్తే చిక్కులు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. తల్లిదండ్రులకూ, ఇంటివద్ద తెలుగు చెప్పేవారికీ ఉపయోగపడేలా వాటిని ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

సమస్య: పర్యాయపదం కంఠతా వచ్చు, వాక్యంలో మాత్రం అతకదు

అన్నిటికంటే తరచుగా కనిపించేది ఇదే. ‘పెద్ద’కు పర్యాయపదాలు చెప్పమంటే పిల్ల తడుముకోకుండా ‘విశాలమైన, భారీ, బృహత్తరమైన’ అని అప్పజెబుతుంది. వ్యాసం రాయమంటే ‘వండలూరు జంతుప్రదర్శనశాలలో విశాలమైన ఏనుగును చూశాను’ అని రాస్తుంది.

దీనికి కారణం పిల్ల మందబుద్ధి కాదు, మనం నేర్పిన పద్ధతి. పర్యాయపదాలు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి సూర్యుడు, రవి, భానుడు వంటి నామవాచకాల వరుసలు. వాటిలో ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా సూర్యుడు సూర్యుడిగానే ఉంటాడు. విశేషణం అలా కాదు, తాను ఏ నామవాచకం ముందు నిలబడిందో దానిని బట్టి అర్థం మార్చుకుంటుంది. సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం మూడో కాండలో విశేషణాలకు కేటాయించిన వర్గానికి విశేష్యనిఘ్న వర్గమని పేరు. నిఘ్నం అంటే అధీనం. విశేషణం విశేష్యానికి, అంటే తాను వర్ణించే నామవాచకానికి, లోబడి ఉంటుందన్న ఆ సంగతిని మన పిల్లల నోటుపుస్తకాల్లోని జాబితాలు పూర్తిగా మరిచిపోయాయి.

కనుక విడి మాటలను జాబితాగా రాయించడం మానేసి, నామవాచకంతో కలిపి జంటగా రాయించాలి. పెద్ద మైదానం అంటే విశాలమైన మైదానం, పెద్ద లారీ అంటే భారీ లారీ, పెద్ద గోపురం అంటే ఎత్తైన గోపురం, పెద్ద గొంతు అంటే గట్టి గొంతు, పెద్ద వాన అంటే కుండపోత వాన. ‘చిన్న’ విషయంలో ఈ పద్ధతి ఇంకా బాగా ఫలిస్తుంది, ఎందుకంటే తెలుగు అక్కడ చాలా ఉదారంగా ఉంటుంది: చిన్న గది ఇరుకు గది అవుతుంది, చిన్న జల్లు చిరుజల్లు అవుతుంది, చిన్న తప్పు స్వల్పమైన తప్పు అవుతుంది, చిన్న పాప చిట్టి పాపో బుజ్జి పాపో అవుతుంది. నాలుగు జంటలు రాశాక వాటిని అటూ ఇటూ మార్చి చదివించండి. ‘ఇరుకు పాప’, ‘చిరుగది’, ‘బుజ్జి తప్పు’ అని విన్నప్పుడు పిల్లలు పకపకా నవ్వుతారు. ఎక్కడ నవ్వు వచ్చిందో అక్కడ ఆ మాట అతకలేదని వారి చెవికే తెలిసిపోతుంది, వ్యాకరణ సూత్రం చెప్పనక్కరలేదు.

ఇక్కడ పెద్దలు చేసే ఒక పనిని గురించి కూడా చెప్పాలి. పర్యాయపదమంటే సంస్కృత పదమే అయి ఉండాలని చాలామంది భావించి ‘సూక్ష్మమైన, లఘువైన’ అని రాయిస్తారు. ఎనిమిదేళ్ల పిల్లకు ‘చిట్టి, చిరు, ఇరుకు, పొట్టి’ నాలుగూ వచ్చిన తరువాత వాటిని చెప్పవచ్చు. తొందరేమీ లేదు.

సమస్య: ఏ వస్తువును గురించి అడిగినా ‘మంచి’, ‘బాగున్న’ తప్ప మరో మాట రాదు

పదసంపద తక్కువని అనుకుంటాం గానీ, చాలాసార్లు అసలు కారణం ప్రశ్నలో ఉంటుంది. ‘అన్నం ఎలా ఉంది?’ అని అడిగితే పెద్దవాళ్లు కూడా ‘బాగుంది’ అనే అంటారు. ప్రశ్నను ఇంద్రియాల వైపు తిప్పండి: నాలుకకు ఎలా ఉంది, చేతికి ఎలా తగిలింది, ముక్కుకు ఏమి తెలిసింది? అప్పుడు ‘మంచి పప్పు’ కాస్తా కమ్మని పప్పు అవుతుంది, ‘మంచి ఇడ్లీ’ మెత్తని ఇడ్లీ అవుతుంది, ‘మంచి మల్లెపూలు’ ఘుమఘుమలాడే మల్లెపూలు అవుతాయి. మనుషుల విషయంలో ఇంద్రియాలు పనికిరావు కాబట్టి, ఆ మనిషి చేసిన పనిని అడగాలి. అడగకుండానే సాయం చేసే పక్కింటి అత్తయ్య ‘దయగల అత్తయ్య’ అవుతుంది, మాట తప్పని స్నేహితుడు ‘నమ్మకమైన స్నేహితుడు’ అవుతాడు.

సమస్య: తీవ్రతలోని తేడా తెలియక అన్నిటినీ ఒక్కటే అనుకోవడం

‘గోరువెచ్చని టీ గుటుక్కున తాగితే నోరు కాలింది’ అని రాసిన పిల్లకు వెచ్చన, వేడి, మరుగు అన్నీ సమానార్థకాలుగానే నేర్పారని అర్థం. వాటిని వరుసలో నిలబెట్టి చూపడమే దీనికి మందు: చల్లారిన, గోరువెచ్చని, వెచ్చని, వేడి, పొగలు కక్కే, సలసల కాగే. ప్రతి మాటకూ ఇంట్లోని ఒక వస్తువును అంటగట్టాలి. పసిపిల్ల స్నానానికి గోరువెచ్చని నీళ్లు, అప్పుడే వంచిన కాఫీకి పొగలు, బియ్యం వేయబోయే ఎసరుకు సలసల. ఎండకు మళ్లీ వేరే వరుస కావాలి: నీరెండ, ఎండ, మండుటెండ. మే నెలలో అగ్నినక్షత్రం రోజుల్లో మధ్యాహ్నం బయటికి వెళ్లి వచ్చిన చెన్నై పిల్లకు మండుటెండ అంటే ఏమిటో వివరించనక్కరలేదు.

సమస్య: ‘అందం పిల్ల’, ‘బలం మనిషి’, ‘పెద్దైన ఇల్లు’

ఇది అర్థానికి కాక రూపానికి సంబంధించిన పొరపాటు. అందం, బలం, విశాలం వంటివాటికి ‘ఐన’ చేరాలి. చల్ల, తెల్ల, కమ్మ, మెత్త వంటివాటికి ‘ని’ గాని ‘టి’ గాని చేరుతుంది. పెద్ద, చిన్న, మంచి, పాత, కొత్త వంటివాటికి ఏమీ చేరనక్కరలేదు. మూడు రంగుల కాగితాల మీద ఈ మూడు రకాలనూ విడివిడిగా రాసి గోడకు అంటిస్తే సరిపోతుంది. బడిలో తమిళం నేర్చుకునే పిల్లకు మరో సులువు ఉంది: అక్కడ ‘అళగాన’ అని రాసేటప్పుడు చివర చేర్చే ‘ఆన’ చేసే పనినే ఇక్కడ ‘ఐన’ చేస్తుందని చెబితే వెంటనే పట్టుకుంటుంది.

సమస్య: ‘నల్ల’ అంటే మంచి అని రాయడం

తమిళంలో ‘నల్ల’ అంటే మంచి, తెలుగులో నలుపు రంగు. ‘మా తాతయ్య నల్లవారు’ అని మెచ్చుకోలుగా రాసిన పిల్లను చూసి ఇంట్లో అందరూ నవ్వితే, ఆ పిల్ల మరునాటి నుంచి తెలుగులో రాయడమే మానేస్తుంది. రెండు భాషల మాటలనూ పక్కపక్కన పెట్టి చూపడం మేలు. మన పెద్దలు నువ్వుల నూనెను మంచినూనె అంటారు. ఇక్కడి కొట్లో సీసా మీద నల్లెణ్ణెయ్ అని ఉంటుంది. ఆ సీసాను చేతికిచ్చి, పేరు చదివించి, లోపల నూనె నల్లగా ఉందేమో చూడమంటే, పిల్లలకు ఆ తేడా మరి మరుపుకు రాదు. అన్ని మాటలూ ఇలా మోసం చేయవు. ‘చిన్న’ రెండు భాషల్లోనూ చిన్నే, ‘కెట్టి’ చట్నీ మన గట్టి చట్నీయే.

సమస్య: పరీక్షలో పూర్తి మార్కులు, వ్యాసంలో మళ్లీ పాత మాటలే

జతపరచమన్నప్పుడు గుర్తుపడితే చాలు, రాసేటప్పుడు మాటను తానే తలచుకోవాలి. ఈ రెండు పనులూ వేరు. అందుకని కొత్త జాబితా ఇవ్వకుండా, పిల్ల గత నెలలో రాసిన పేరానే తెచ్చి, అందులో ‘మంచి’, ‘పెద్ద’ కింద గీత గీయించి, వాటిలో రెండింటిని మాత్రమే మార్చమనండి. అన్నీ మార్పిస్తే రాత కృత్రిమమవుతుంది.

సమస్య: మార్చకూడని చోట కూడా మార్చడం

ఉత్సాహం ఎక్కువైన పిల్లలు ‘మంచినీళ్లు’ను శ్రేష్ఠమైన నీళ్లుగా, ‘పెద్దమ్మ’ను భారీ అమ్మగా, ‘చిన్నాన్న’ను స్వల్ప నాన్నగా మార్చేస్తారు. ఆ మాటల్లో విశేషణం నామవాచకంతో కలిసిపోయి ఒకే పేరుగా స్థిరపడింది. మాటను విడదీసి ‘ఎంత పెద్ద?’ అని అడిగి చూడమనండి. ‘పెద్ద చెట్టు’కు జవాబు దొరుకుతుంది, ‘పెద్దమ్మ’కు దొరకదు. జవాబు దొరకని మాటలను మార్చకుండా పుస్తకం చివరి పేజీలో వేరుగా రాసి ఉంచమంటే చాలు. పెద్ద పండుగ, కొత్తిమీర, చిన్నఉల్లి లాంటివి పిల్లలే వెతికి తెస్తారు, వాటిలో ఏవి నిజంగా ఆ కోవకు చెందుతాయో అప్పుడు కలిసి కూర్చుని తేల్చుకోవచ్చు.