పఠన సవాలు మధ్యలో ఆగిపోతే: సమస్య - పరిష్కారం

జనవరి 1న యాభై పుస్తకాలు చదువుతామని సంకల్పం చెప్పుకొని, ఉగాది నాటికి ఆ ఊసే ఎత్తని పాఠకులు నాకు చాలామంది తెలుసు. కొన్నేళ్లపాటు నేనూ వారిలో ఉన్నాను. పఠన సవాళ్లతో పాటు పుస్తకప్రియుల మధ్య వారం వారం నడిచే మీమ్‌లు కూడా చదువుకు మంచి ఊతమిస్తాయి. ఇక్కడ మీమ్ అంటే నవ్వు పుట్టించే బొమ్మ కాదు, వారంలో ఫలానా రోజున ఒకే ప్రశ్నకు అందరూ తమ తమ జవాబులు రాసే ఆనవాయితీ. సవాలు ఆగిపోయినప్పుడు సోమరితనమే కారణమని తీర్మానించుకోవడం తొందరపాటు అవుతుంది. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా లెక్కపెట్టే పద్ధతిలో ఉంటుంది.

లక్షణం: మార్చి వచ్చేసరికి లెక్క వెనకబడుతోంది.

చదివిన పుస్తకాలను నమోదు చేసుకునే వెబ్‌సైటు గుడ్‌రీడ్స్‌లో 2011 నుంచి నడుస్తున్న వార్షిక సవాలులో ఎన్ని పుస్తకాలు చదవాలో మనమే నిర్ణయించుకుంటాం, అనుకున్న వేగానికి ఎన్ని పుస్తకాలు వెనకబడ్డామో అది చూపిస్తూ ఉంటుంది. చాలామంది తమ వేగం చూసుకోకుండా, స్నేహితులు పెట్టుకున్న అంకెను చూసి తామూ అదే పెట్టుకుంటారు. వారానికొకటి చొప్పున 52 పుస్తకాలు, ఒక్కొక్కటి 250 పేజీలు అనుకుంటే మొత్తం 13,000 పేజీలు అవుతాయి. అంటే ఒక్కరోజు కూడా మానకుండా రోజుకు దాదాపు 36 పేజీలు చదవాలి. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు ఉన్న ఇంట్లో ఇది తేలిక కాదు.

అందువల్ల ముందుగా ఒక వారం పాటు రోజూ ఏ పేజీ దగ్గర మొదలుపెట్టి ఏ పేజీ దగ్గర ఆపారో పెన్సిలుతో రాసుకోండి. వారానికి 140 పేజీలు తేలితే రోజుకు 20 అన్నమాట. పెళ్లిళ్లు, జ్వరాలు, ప్రయాణాలు తీసివేసి ఏడాదికి 300 రోజులే లెక్కించండి. అప్పుడు 6,000 పేజీలు, అంటే 24 పుస్తకాలు వస్తాయి. అదే మీ అసలు అంకె. గుడ్‌రీడ్స్‌లో లక్ష్యాన్ని ఏడాది మధ్యలోనైనా మార్చుకోవచ్చు కాబట్టి, మార్చడానికి మొహమాటపడనక్కర్లేదు.

లక్షణం: పుస్తకం పూర్తయింది, లెక్కలోకి మాత్రం రాలేదు.

చాలాసార్లు దీనికి కారణం పూర్తిచేసిన తేదీ నమోదు కాకపోవడమే, తేదీ చేర్చితే సరిపోతుంది. రెండోసారి చదివిన పుస్తకానికి ఆ రెండో పఠనం తేదీలను విడిగా నమోదు చేయాలి. పాత తెలుగు పుస్తకాల విషయంలో మరో చిక్కు ఉంది. వాటిలో చాలావాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఉండదు, ఒకే పుస్తకం పేరు తెలుగు లిపిలో ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల్లో మరోచోట కనిపిస్తుంది. రెండు విధాలా వెతికి, అప్పటికీ దొరక్కపోతే అక్కడ లైబ్రేరియన్లుగా పనిచేసే స్వచ్ఛంద సభ్యులను ఆ పుస్తకం చేర్చమని అభ్యర్థించాలి. శ్రమ అనిపించినా ఈ పని చేయండి, మీరు చేర్పించిన పుస్తకం తరవాతి తెలుగు పాఠకుడికి వెతకగానే దొరుకుతుంది.

లక్షణం: అంకె పెరుగుతోంది, చదివినది గుర్తుండటం లేదు.

అన్నిటికంటే నన్ను బాధించేది ఇదే. లెక్కించేది పుస్తకాల సంఖ్య అయినప్పుడు, చెయ్యి తనంతట తానే సన్నని పుస్తకం వైపు వెళుతుంది. తొమ్మిది వందల పేజీల నవల అలమరలో ఉండిపోతుంది, ఎందుకంటే దాన్ని చదివినా లెక్కలో పెరిగేది ఒకటే. డిసెంబరులో వెనక్కి తిరిగి చూసుకుంటే పేర్లు మాత్రమే మిగులుతాయి.

దీనికి కొలతనే మార్చాలి. పుస్తకాలకు బదులు పేజీలు లెక్కించుకోవచ్చు, లేదా ప్రతి 300 పేజీలను ఒక పుస్తకంగా పరిగణించవచ్చు. నేను వాడేది ఒక రూళ్ల నోటుబుక్కు. ఎడమవైపు పుస్తకం పేరు, పూర్తిచేసిన తేదీ రాస్తాను, కుడివైపు పేజీ సంఖ్యతో సహా అందులోని ఒక వాక్యాన్ని ఎత్తి రాసి, దాని కింద నా మాటగా రెండు వాక్యాలు రాస్తాను. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే ఆ పుస్తకానికి అంకె వేయను.

లక్షణం: సవాలులోని అంశాలకు తగిన తెలుగు పుస్తకం దొరకడం లేదు.

పుస్తకాల గురించి రాసే వెబ్‌సైటు బుక్ రయట్ వారు 2015లో ప్రారంభించిన రీడ్ హార్డర్ వంటి సవాళ్లలో 24 అంశాలుంటాయి. అవి ప్రధానంగా ఇంగ్లీషు ప్రచురణలను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి కాబట్టి, తెలుగు పాఠకులు అంశంలోని మాటను కాక దాని ఉద్దేశాన్ని పట్టుకోవాలి. ఉదాహరణకు, ఆగస్టును అనువాదంలో స్త్రీల రచనల మాసంగా 2014 నుంచి పాటిస్తున్నారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చిన బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి రచనలు ఆ ఉద్దేశానికి సరిగ్గా సరిపోతాయి.

లక్షణం: ఏది చదవాలో తేలక రోజులు గడుస్తున్నాయి.

కారణం పుస్తకాలు లేకపోవడం కాదు, ఎక్కువ కావడం. డిసెంబరులో హైదరాబాదులోనూ, జనవరి తొలి రోజుల్లో విజయవాడలోనూ జరిగే పుస్తక ప్రదర్శనల నుంచి సంచులు నింపుకొని వచ్చేవారికి ఇది బాగా తెలుసు. క్లాసిక్ పుస్తకాలు చదివేవారి ఆన్‌లైన్ బృందం క్లాసిక్స్ క్లబ్ అనుసరించే స్పిన్ పద్ధతి ఇందుకు చక్కని మందు. 20 పుస్తకాల జాబితా రాసి వరుస సంఖ్యలు వేసుకోవాలి, నిర్వాహకులు ప్రకటించిన సంఖ్య దగ్గరున్న పుస్తకాన్ని చదవాలి. ఇంట్లో చీటీలు తీసినా ఇదే పని జరుగుతుంది. జాబితాలో మీరు భయపడి దాటవేస్తున్న పుస్తకాలు ఐదైనా ఉంచండి. ఇంట్లోని గుట్ట తగ్గాలనుకునేవారికి మౌంట్ టీబీఆర్ (టు బి రెడ్, అంటే ఇంకా చదవాల్సినవి) సవాలు తగినది: జనవరి 1కి ముందే మీ సొంతమై ఉన్న పుస్తకాలకే అందులో లెక్క, లక్ష్యాలను శిఖరాలంటారు, తొలి శిఖరం 12 పుస్తకాలు. కాబట్టి విజయవాడలో కొన్నవి మరుసటి ఏడాదికే పనికొస్తాయి.

లక్షణం: 24 గంటల పఠనం అర్ధరాత్రికే ఆగిపోతోంది.

2007లో మొదలైన, అందరూ ఒకేసారి 24 గంటలు చదివే డ్యూయీస్ రీడథాన్ అమెరికా తూర్పు తీరంలో ఉదయం 8 గంటలకు ఆరంభమయ్యేది. మనకు అప్పుడు సాయంత్రం 5.30. పగలంతా పనిచేసి అలసిన కళ్లతో మొదలుపెడతాం. ఆ మధ్యాహ్నం కాసేపు పడుకోండి, రాత్రి మామూలు వేళకే నిద్రపోయి తెల్లవారి మళ్లీ అందుకోండి.

లక్షణం: మీమ్‌లకు జవాబులు రాయడంతోనే సమయం సరిపోతోంది.

టాప్ టెన్ ట్యూస్‌డే 2010 నుంచి నడుస్తున్నది. ప్రతి మంగళవారం ఒక అంశంపై పది పుస్తకాల జాబితా రాయాలి. జాబితాలు రాస్తూ, ఇతరుల జాబితాలు చూస్తూ పోతే కోరికల చిట్టా పెరుగుతుంది, చదివే గంట తరుగుతుంది. అలాంటివాటిని నెలకు ఒకటికి పరిమితం చేసి, చేతిలో ఉన్న పుస్తకం దగ్గరే నిలిపే మీమ్‌లను ఎంచుకోండి. బుధవారం మీమ్ ఇప్పుడేం చదువుతున్నారు, ఈమధ్య ఏది పూర్తిచేశారు, తరవాత ఏది అని మూడే ప్రశ్నలు అడుగుతుంది. ఫ్రైడే 56లో చదువుతున్న పుస్తకం 56వ పేజీ తెరిచి, కథ గుట్టు విప్పని వాక్యం ఒకటి ఎత్తి రాస్తే చాలు. ఇంకా 56వ పేజీకి చేరకపోతే, ఆ శుక్రవారం రాయడం మాని అక్కడి దాకా చదవండి.