జబ్బు చేసి, విడిపోయి, అద్దె బాకీ పడితే: ముందు ఎవరికి కట్టాలి

మంచం మీద నుంచి లేచి నిలబడేసరికి నాకు 3 నెలల అద్దె బాకీ ఉంది. దానికి తోడు ఆసుపత్రి బిల్లు, రెండు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోన్, తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్న చేబదుళ్లు. ఇంట్లో రెండో జీతం లేదు, ఆ మనిషీ లేరు. అప్పుడు నేను చేసిన తప్పు ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు కాబట్టి ముందు అదే చెప్తాను. ఎవరు ఎక్కువసార్లు ఫోన్ చేస్తే వాళ్లకు కట్టేశాను. కార్డు వాళ్లు రోజుకు ఏడెనిమిది సార్లు చేసేవాళ్లు, భయపడి వాళ్లకు కట్టాను. ఇంటి ఓనరు నెమ్మదస్తుడు, నెలకోసారి గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అడిగి వెళ్లిపోయేవాడు, ఆయనకు కట్టలేదు. చివరికి ఇల్లు ఖాళీ చేయమని కాగితం పంపింది ఆయనే.

డబ్బు అందరికీ సరిపోనప్పుడు ఎవరు గట్టిగా అడుగుతున్నారని చూడకండి, ఎవరికి కట్టకపోతే మనకు ఏం పోతుందో చూడండి. అద్దె కట్టకపోతే ఇల్లు పోతుంది. కరెంటు, నీళ్లు, గ్యాస్ బిల్లులు కట్టకపోతే కనెక్షన్ పోతుంది. మందులు ఆపితే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు సంపాదించడమే కుదరదు. బండో ఇల్లో తాకట్టు పెట్టి తీసుకున్న అప్పయితే ఆ వస్తువు పోతుంది. కార్డు బాకీ, పర్సనల్ లోన్ లాంటివి ఏ తాకట్టూ లేని అప్పులు. వాటిని ఆపితే వడ్డీ, ఫైన్ పెరుగుతాయి, క్రెడిట్ స్కోర్ పడిపోతుంది, ఫోన్లు వస్తాయి, కొన్నాళ్లకు కేసు కూడా వేయొచ్చు, కానీ రేపు సాయంత్రానికి మిమ్మల్ని వీధిలో నిలబెట్టలేరు. ఎగ్గొట్టమని కాదు నేను చెప్పేది, వరుసలో వెనక్కి జరపమని.

ఈ వరుస తెలియాలంటే ముందు అన్నీ కళ్లముందు ఉండాలి. ఒక నోట్‌బుక్ తీసుకోండి (ఫోన్‌లో కాదు, ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడేటప్పుడు అది ఒళ్లో తెరిచి ఉండాలి). ఒక్కో బాకీకి ఒక్కో పేజీ. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎవరి పేరు మీద ఉంది, తాకట్టు ఏమైనా ఉందా, కట్టకపోతే ఏమవుతుంది. తెరవకుండా పక్కన పడేసిన కవర్లు, చదవకుండా వదిలేసిన మెసేజ్‌లు అన్నీ తెరవాలి, కానీ ఒక్క రోజులో అవ్వాలని పట్టు పట్టకండి. జబ్బు నుంచి లేచిన మనిషికి రోజుకు గంట, గంటన్నర మించి బుర్ర పనిచేయదు, ఆ తర్వాత చేసే లెక్కలు తప్పుతాయి, మాట తూలుతుంది. మీకు ఏ పూట ఒంట్లో బాగుంటుందో ఆ పూటే ఈ పని పెట్టుకోండి. పక్కన ఎవరైనా ఒక మనిషి కూర్చుంటే ఇంకా మంచిది, ఆ మనిషి ఏమీ చెప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు.

ఆదాయం రాసేటప్పుడు చేతికి కచ్చితంగా వచ్చేదే రాయండి. విడిపోయిన మనిషి నెలనెలా పంపుతానన్న డబ్బు నాలుగైదు నెలలు వరుసగా వచ్చేదాకా లెక్కలో వేయొద్దు. వస్తే బాకీకి వెళ్తుంది, రాకపోతే ఆ నెల అద్దె ఆగదు.

ఇక విడిపోవడం దగ్గర చాలామంది ఘోరంగా మోసపోయే విషయం ఒకటుంది. ఇద్దరి సంతకాలతో తీసుకున్న అప్పు ఇద్దరూ విడిపోయినంత మాత్రాన రెండు ముక్కలవ్వదు. "ఆ లోన్ నువ్వు కట్టు, ఈ కార్డు నేను కడతా" అని మీరిద్దరూ అనుకున్నా, పెద్దమనుషుల ముందు రాసుకున్నా, ఆ మాట మీ ఇద్దరి మధ్యే. బ్యాంకు దానికి కట్టుబడి ఉండదు. అవతలి మనిషి కట్టడం మానేస్తే బ్యాంకు మొత్తం బాకీ మిమ్మల్నే అడగొచ్చు, సగం కాదు. హామీ సంతకం పెట్టినా అంతే. కాబట్టి మీ పేరున్న ప్రతి అప్పు గురించీ బ్యాంకుకు ఉత్తరం రాసి, విడిపోయామని, ఇకపై కొత్తగా ఏమీ తీసుకోనివ్వొద్దని, మీ పేరు తీసేయాలంటే ఏం చేయాలని అడగండి. జాయింట్ ఖాతా ఉంటే మూసేయండి, లేదా ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు బయటికి వచ్చేలా మార్పించండి. మీ కార్డు మీద వాళ్లకు ఇచ్చిన రెండో కార్డు ఆపించండి, దాని మీద వాళ్లు పెట్టిన ఖర్చు మీదే అవుతుంది. పిన్నులు, పాస్‌వర్డ్‌లు మార్చండి. ముఖ్యంగా బ్యాంకుల్లో, ఆసుపత్రిలో, బీమా కంపెనీలో మీ చిరునామా, ఫోన్ నంబరు మార్పించండి, ఎందుకంటే పాత ఇంటికి వెళ్లిన నోటీసు మీకు అందకపోయినా అందినట్టే లెక్క వేసే సందర్భాలు ఉంటాయి. అద్దె అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. ఇద్దరి పేర్లూ ఉంటే ఇల్లు వదిలి వెళ్లినవాళ్ల బాధ్యత దానంతటదే తీరదు, ఉండిపోయినవాళ్లను మొత్తం అద్దె అడిగే హక్కూ మామూలుగా ఓనరుకు ఉంటుంది. ఒకవేళ వెళ్లిపోయినవాళ్ల పేరు మీదే ఉంటే, వాళ్లు ఖాళీ చేస్తున్నామని చెప్పేలోపు మీ పేరు మీద కొత్త కాగితం రాయించుకోవాలి.

ఓనరుతో మాట్లాడటం అన్నిటికంటే కష్టం. ముఖం చెల్లక తప్పించుకు తిరిగేవాళ్లు ఎంతమందో, నేనూ మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే లైటు ఆర్పేసి కూర్చున్నాను. తప్పించుకున్న ప్రతి వారం ఆయనకు మన మీద నమ్మకం తగ్గిపోతుంది. ఆయన అడగకముందే మీరు వెళ్లాలి, ఉత్త చేతులతో కాదు, ఒక లెక్కతో. ఆ లెక్క ఇలా ఉండాలి: ఇక నుంచి ఏ నెల అద్దె ఆ నెల పూర్తిగా, దాని మీద పాత బాకీ కోసం కొంచెం. 3 నెలల బాకీకి నెలకు పావు అద్దె చొప్పున కలిపి కడితే 12 నెలల్లో తీరిపోతుంది. సగం అద్దె కలుపుతానని పౌరుషంగా చెప్పి రెండో నెలకే తప్పడం కంటే, పావు చెప్పి ఏడాది పొడుగునా తప్పకపోవడం వెయ్యి రెట్లు మేలు. నేను పంపింది దాదాపు ఇదే:

"నమస్తే అండి. ఒంట్లో బాగోక 3 నెలలు పనికి వెళ్లలేదు, ఇప్పుడు ఇంట్లో నా ఒక్క సంపాదనే. మీకు 3 నెలల అద్దె ఇవ్వాలి. వచ్చే నెల నుంచి 5వ తేదీలోపు ఆ నెల అద్దె పూర్తిగా, పాత బాకీ కింద పావు అద్దె కలిపి కడతాను. ఏడాదిలో అంతా తీరుతుంది. మీకు సరేనంటే ఈ మెసేజ్‌కే జవాబు పెట్టండి."

ఎందుకు విడిపోయారో, తప్పెవరిదో అందులో రాయకండి. నోటిమాటగా ఒప్పుకున్నా సరే తర్వాత ఇలా రాతలో పంపి జవాబు తీసుకోండి. చేతికి డబ్బు ఇస్తే రసీదు అడగండి, ఏ నెలకు ఎంత, పాత బాకీకి ఎంత అని విడివిడిగా ఉండాలి. అడ్వాన్స్‌లో పట్టుకోమని అడగొచ్చు, కొందరు ఒప్పుకుంటారు, కానీ దాన్నీ కాగితం మీద పెట్టండి, మళ్లీ నింపాలంటే ఎప్పటిలోగా అన్నది కూడా. పూర్తి అద్దె లేదని ఆ నెల అసలేమీ ఇవ్వకుండా ఊరుకోవద్దు, ఉన్నది ఇచ్చి మిగతాది ఎప్పుడో తేదీ చెప్పండి.

ఆయన ఒప్పుకోకపోతే? చాలా దేశాల్లో కోర్టు ఆదేశం లేకుండా ఓనరు తాళం మార్చడం, సామాను బయట పెట్టడం, కరెంటు తీసేయడం చట్టానికి విరుద్ధం. అలా బెదిరిస్తే భయపడి రాత్రికి రాత్రి ఖాళీ చేసేయకండి. కోర్టు నుంచి కాగితం వస్తే మాత్రం ఎంత టెన్షన్‌గా ఉన్నా ఆ తేదీన వెళ్లి తీరాలి, మనం లేకపోతే అవతలివాళ్లు చెప్పిందే విని తీర్పు ఇచ్చేయొచ్చు. డాక్టర్ సర్టిఫికెట్, కట్టిన రసీదులు, పై మెసేజ్ పట్టుకెళ్లండి. డబ్బు లేనివాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది, కోర్టులోనే అడిగితే చెప్తారు.

ఆసుపత్రి బిల్లు గురించి రెండు ముక్కలు. మొత్తం ఒకే అంకెగా ఇచ్చిన బిల్లు కట్టకండి, ఒక్కో మందుకూ, ఒక్కో పరీక్షకూ విడివిడిగా రాసిన బిల్లు అడగండి. ఒకే పరీక్ష రెండుసార్లు పడటం, వాడని మందు పడటం మామూలుగా జరిగేవే. తర్వాత తగ్గింపు అడగండి, వాయిదాలు అడగండి. ఆసుపత్రికే నేరుగా వాయిదాల్లో కడితే చాలాసార్లు వడ్డీ ఉండదు లేదా తక్కువ, అదే బిల్లు కార్డు మీద కొట్టేసి గడువులోపు కట్టలేకపోతే అది ఖరీదైన అప్పు అయిపోతుంది. బీమా క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకుని మళ్లీ అప్పీలు పెట్టండి, గడువు మాత్రం దాటనివ్వకండి. ఇంకోటి, మీ లోన్ కాగితాలు ఒకసారి తీసి చదవండి. కొన్నిసార్లు లోన్ ఇచ్చేటప్పుడే దానితో పాటు బీమా అంటగట్టి ఉంటారు, పెద్ద జబ్బు చేస్తే కొన్ని వాయిదాలు ఆ బీమా కట్టొచ్చు, ఆ సంగతి మర్చిపోయి చేతి నుంచి కట్టుకునేవాళ్లు ఉన్నారు.

కార్డు బాకీ లెక్క ఒకసారి చూడండి. నెలకు నూటికి 3 వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం, వడ్డీ మీద వడ్డీ కలిపితే అది దాదాపు 42.6 అవుతుంది. లక్ష బాకీకి ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం 5 శాతం అనుకుంటే 5,000 కడతారు, అందులో 3,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2,000. పైగా పాత బాకీ ఉండగా ఆ కార్డుతో కొత్తగా ఏం కొన్నా మామూలుగా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ముందు కార్డు వాడటం ఆపండి. తర్వాత బ్యాంకుకు రాయండి, డాక్టర్ ఉత్తరం జతచేసి, నా ఆదాయం ఇంత, ఇంటి ఖర్చు ఇంత, నెలకు ఇంతే కట్టగలను అని. వాయిదాలు కొన్నాళ్లు ఆపుతామని వాళ్లు అంటే సంతోషపడేముందు ఒక్క ప్రశ్న వేయండి: ఆ నెలల్లో వడ్డీ ఆగుతుందా, పేరుకుంటుందా? మామూలుగా పేరుకుంటుంది. తక్కువకు సెటిల్‌మెంట్ ఇస్తామంటే ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి, దానివల్ల మీ క్రెడిట్ రికార్డులో పూర్తిగా కట్టినట్టు కాకుండా సెటిల్ చేసుకున్నట్టు నమోదవుతుందని తెలుసుకునే ఒప్పుకోండి. జీతం పడే ఖాతా, అప్పు ఉన్న బ్యాంకు ఒకటే అయితే జీతం వేరే బ్యాంకుకు మార్పించుకోండి, బాకీ కింద ఖాతాలోని డబ్బు పట్టుకునే హక్కు చాలా చోట్ల బ్యాంకులకు ఉంది. అద్దె రోజున ఖాతా ఖాళీగా కనబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఫోన్లు. తేదీ, సమయం, మాట్లాడినవాళ్ల పేరు, అన్న మాట నోట్‌బుక్‌లో రాయండి. "రాతలో పంపండి, రాతలోనే జవాబిస్తాను" అనేది ఒక్కటే సమాధానం. తిట్టినా, బంధువులకు చేస్తామని బెదిరించినా ఆ రాసుకున్నదే ఫిర్యాదుకు పనికొస్తుంది. ఫోన్‌లో అప్పటికప్పుడు ఏ మొత్తానికీ మాట ఇవ్వొద్దు.

పాత అప్పు తీర్చడానికి నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్‌ల జోలికి మాత్రం పోకండి, దయచేసి. వాటిలో కొన్ని యాప్‌లవాళ్లు మీ ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని తర్వాత మీ వాళ్లందరికీ ఫోన్లు చేస్తారు. ముందు ఫీజు కడితే అప్పు సగం చేయిస్తామనేవాళ్లూ అంతే. రిటైర్మెంట్ కోసం దాచింది తీసి కార్డుకు కట్టే ముందు కూడా ఆగండి, చాలా చోట్ల ఆ డబ్బును అప్పులవాళ్లు ముట్టుకోలేరు, మనమే తీసి వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

ఇద్దరి జీతాలకు తీసుకున్న ఇల్లు ఒక్క జీతానికి సరిపోతుందా అన్నది కూడా చూసుకోవాలి. అద్దె ఒక్కటే ఆదాయంలో సగం దాటుతుంటే బాకీ తీర్చినా మళ్లీ పడుతుంది. ఆ విషయం ఓనరుకే చెప్పి, మర్యాదగా కొన్ని నెలలు గడువు పెట్టుకుని చిన్న ఇంటికి మారడం ఓడిపోవడం కాదు. అయితే కొత్త అడ్వాన్స్, సామాను మార్చే ఖర్చు, పిల్లల బడి దూరం అన్నీ వేసుకున్నాకే తేల్చుకోండి.

రాత్రి నిద్ర పట్టక, నేను లేకపోతే అందరికీ పీడ వదులుతుందనే ఆలోచన వస్తే అది లెక్కల సమస్య కాదు, అది కూడా జబ్బే. ఆ రాత్రే ఎవరికైనా ఫోన్ చేయండి, మర్నాడు డాక్టర్‌కు చెప్పండి. నోట్‌బుక్ వారం తర్వాత తెరిచినా ఏమీ కాదు.

ఆఖరి పావు అద్దె కట్టిన రోజు, ఫలానా తేదీ వరకు ఏ బాకీ లేదని ఓనరు చేత రెండు వాక్యాలు రాయించుకోండి. కార్డుకు, లోన్‌కు కూడా నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, తాకట్టు కాగితాలు ఉంటే వెనక్కి తెచ్చుకోండి. 13వ నెల నుంచి ఆ పావు అద్దె అలాగే పక్కన పెట్టండి. 4 నెలలకు ఒక నెల అద్దె చేతిలో ఉంటుంది.