రేసు కారు ఫొటోలో వేగం ఎందుకు కనిపించడం లేదు?

తిరుపతి, చిత్తూరు నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగలిగిన రేసు ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంది. అక్కడి నుంచి తెచ్చుకున్న ఫొటోల్లో తరచూ కనిపించే లోపాలు ఇవి.

కారు స్పష్టంగానే ఉంది, కానీ కదలనట్టుంది

షట్టర్ వేగం, అంటే కెమెరా కాంతిని లోపలికి రానిచ్చే సమయం ఎంత తక్కువో చెప్పేది, మరీ ఎక్కువైంది. 1/2000 సెకనులో తీస్తే తిరిగే చక్రం చువ్వలు కూడా లెక్కపెట్టవచ్చు. 1/250కి దించి, కెమెరాను కారుతో పాటు తిప్పండి. చేయి కుదిరాక 1/125కి వెళ్లండి. నేరుగా ఎదురొచ్చే కారుకు మాత్రం 1/1000 ఉన్నా ఫరవాలేదు.

కారు, వెనుక దృశ్యం రెండూ చెదిరిపోయాయి

గంటకు 200 కి.మీ. వేగంతో వెళ్లే కారు 1/125 సెకనులో దాదాపు 44 సెం.మీ. జరుగుతుంది. బటన్ నొక్కగానే మన చేయి ఆగిపోతుంది, చెడేది అక్కడే. పాదాలు ఫొటో తీయాల్సిన చోటికి ఎదురుగా ఉంచి, నడుము నుంచి తిరగండి. నొక్కాక కూడా తిప్పడం ఆపవద్దు.

సాధనకు ట్రాక్ అక్కర్లేదు. 40 మీటర్ల దూరంలో 200 కి.మీ. వేగంతో పోయే కారు కోసం కెమెరాను ఎంత వేగంగా తిప్పాలో, 10 మీటర్ల దూరంలో 50 కి.మీ. వేగంతో పోయే బస్సుకూ అంతే వేగంగా తిప్పాలి. అలిపిరి వైపు వెళ్లే బస్సులు రోజంతా దొరుకుతాయి. రోడ్డు దిగకుండా ఫుట్‌పాత్ మీదే నిలబడండి. ఖరీదైన లెన్సు సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ముందు భాగం స్పష్టంగా ఉండి వెనుక భాగం చెదిరితే కారు మరీ దగ్గరగా ఉందని అర్థం. నాకైతే అది లోపంగా అనిపించదు. నచ్చకపోతే వెనక్కి జరిగి, జూమ్ పెంచండి.

ఫొటో మరీ తెల్లగా వచ్చింది

నడిఎండలో ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/125 పెడితే ఎపర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/16 దాకా మూయాలి. ఇంకా మూస్తే స్పష్టత తగ్గుతుంది. కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించండి.

ఫోకస్ కంచె మీద పడింది

అనుమతి ఉన్నంతవరకు లెన్సును కంచెకు దగ్గరగా పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరవండి.

మధ్యాహ్నం తీసినవన్నీ మసకగా ఉన్నాయి

వేసవిలో రేణిగుంట రోడ్డు మీద నీళ్లలా మెరిసే ఎండమావికీ దీనికీ కారణం ఒకటే, తారు మీద వేడెక్కిన గాలి. దూరం నుంచి తీస్తే ఏ లెన్సూ దాన్ని దాటలేదు. ఉదయం పోటీలు ఎంచుకోండి, లేదా దగ్గరి మలుపుకు మారండి.

కారు పక్కకు వాలినట్టుంది, చక్రాలు కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి

ఎలక్ట్రానిక్ షట్టర్ చిత్రాన్ని వరుసవరుసగా నమోదు చేస్తుంది, ఆలోపే కారు జరిగిపోతుంది. మెకానికల్ షట్టర్‌కు మార్చండి. ఫోనులో ఆ వీలు ఉండదు కాబట్టి, కారు అడ్డంగా పోయే చోటు వదిలి ఎదురుగా వచ్చే మలుపు దగ్గర నిలబడండి.