అధోజ్ఞాపికల తంటా ఇలా తీరింది
చిక్కడపల్లి డీటీపీ దుకాణంలో కూర్పించిన చరిత్ర పుస్తకం అది. 1985లో పుట్టిన పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అధోజ్ఞాపికలు (పేజీ అడుగున వేసే ఫుట్‌నోట్లు) వాటంతటవి కదలవు. రచయిత ఒక పేరా చేర్చితే తర్వాతి పేజీలన్నీ చేత్తో సర్దాల్సిందే. విసుగొచ్చి, ఆదేశాలు రాసి పేజీలు కూర్చే జీలాటెక్ (XeLaTeX)కు మార్చాను. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల పాఠాన్ని ముందు యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి, అది సరే. అసలు చిక్కు తర్వాత వచ్చింది: ‘శాస్త్రం’లో ఒత్తులు కిందికి దిగకుండా పొల్లులతో విడివిడిగా నిలబడ్డాయి. ఫాంటును ప్రకటించే వరుసలో ‘స్క్రిప్ట్=తెలుగు’ అని చేర్చగానే కుదురుకున్నాయి. జీలాటెక్‌లో భాషల సంగతి చూసే పాలీగ్లాసియా ప్యాకేజీలో ప్రధాన భాషగా తెలుగును పెట్టాక పొడవాటి సమాసాలు కూడా వరుస చివర విరిగి చాలావరకు అంచు దాటడం మానేశాయి. ఇప్పుడు పేరా ఎక్కడ చేర్చినా జ్ఞాపికల అంకెలు వాటంతటవే మారుతున్నాయి. అట్ట మాత్రం ఇప్పటికీ మౌస్‌తోనే చేస్తాను. బొమ్మను కాస్త పక్కకు జరపడానికి ఆదేశాలు రాస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు.