టర్బో బూస్ట్ పెరిగితే హార్స్‌పవర్ ఎంత పెరుగుతుంది: లెక్క కట్టడం, కారులో సరిచూసుకోవడం

టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి పీడనాన్ని, అంటే బూస్ట్‌ను, 0.8 బార్ నుంచి 1.0 బార్‌కి పెంచితే పవర్ పాతిక శాతం పెరుగుతుందని చాలామంది లెక్కేస్తారు. అంత రాదు. గేజీ చూపించేది బయటి గాలి పీడనానికి పైన ఉన్నదాన్నే. ఇంజిన్ పీల్చేది మాత్రం రెండూ కలిపిన పీడనం. సముద్రమట్టం దగ్గర బయటి పీడనం 1.01 బార్. అంటే 1.81 కాస్తా 2.01 అయింది, పెరిగింది 11 శాతమే. అదీ గాలి వేడెక్కకుండా ఉంటేనే.

సిలిండర్‌లోకి ఎంత బరువు గాలి చేరితే అంత ఇంధనం మండించవచ్చు. హ్యుందాయ్ వెన్యూ చూడండి. టర్బో లేని 1197 సీసీ పెట్రోల్ ఇంజిన్ 83 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), 114 ఎన్ఎం టార్క్ ఇస్తే, 998 సీసీ టర్బో 120 పీఎస్, 172 ఎన్ఎం ఇస్తుంది. ఆ 172 ఎన్ఎం ఉండేది 4000 ఆర్‌పీఎం వరకే. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగిస్తే పీఎస్ వస్తుంది కాబట్టి, 4000 దగ్గర పవర్ 98 పీఎస్. 6000 దగ్గర 120 పీఎస్ అంటే అక్కడ టార్క్ 140కి పడిపోయినట్టే. చిన్న టర్బో పై ఆర్‌పీఎంలో అంత గాలి అందించలేదు. అందుకే బూస్ట్ గరిష్ఠంగా ఎంత అన్నదొక్కటే చూస్తే చాలదు, ఏ ఆర్‌పీఎం దాకా నిలబడుతోందో కూడా చూడాలి.

మీ కారులో చూడాలంటే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చదివే పరికరం), రీడింగులు రికార్డు చేసే యాప్ ఉంటే చాలు. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంటేక్ మ్యానిఫోల్డ్‌లో గాలి పీడనం కొలిచేది) రీడింగ్ చూడండి. విశాఖలో సుమారు 101, హైదరాబాద్‌లో సుమారు 95 కిలోపాస్కల్స్ రావాలి. బాగా తేడా ఉంటే సెన్సర్ శుభ్రం చేయకుండా ముందుకెళ్లొద్దు, తర్వాతి లెక్కంతా తప్పుతుంది. తర్వాత డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద గానీ, వాహనాలు తిరగని ట్రాక్ మీద గానీ మూడో గేర్‌లో 2000 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి రికార్డు చేయండి. నడుపుతూ ఫోన్ చూడొద్దు. రీడింగులు ఆగాక చూసుకోవచ్చు.

ఉదాహరణకి హైదరాబాద్ ఎండల్లో బయట 40 డిగ్రీలు, మ్యాప్ 175, ఇంటేక్ గాలి 65 డిగ్రీలు వచ్చాయనుకుందాం. 175ని 95తో భాగిస్తే 1.84. ఉష్ణోగ్రతలకు 273 కలిపి, 313ని 338తో భాగించి దానితో గుణిస్తే 1.71. అంటే టర్బో లేకుండా పీల్చే దానికి 1.71 రెట్ల గాలి. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ రెక్కల్లో మట్టి పేరుకుని ఇంటేక్ గాలి 90 డిగ్రీలకు చేరితే అది 1.59కి దిగుతుంది. బూస్ట్ అంకె మారదు, పవర్ మాత్రం 7 శాతం దాకా పోతుంది. నాకింగ్ (మిశ్రమం అదుపు లేకుండా మండడం) భయంతో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగితే ఇంకాస్త పోతుంది. ఒక జాగ్రత్త: కొన్ని కార్లలో ఉష్ణోగ్రత సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఉంటుంది. ఇంటర్‌కూలర్ తర్వాత ఉన్న సెన్సర్ రీడింగే ఈ లెక్కకు పనికొస్తుంది.

బూస్ట్ తక్కువగా ఉండి స్కానర్‌లో పీ0299 లోపం కోడ్ పడితే వెంటనే టర్బో మార్చేయకండి. ముందు గొట్టాలు చూడాలి. టర్బో ఇన్‌లెట్‌ను మూసి, ఎయిర్ వాల్వ్ ద్వారా 0.7 బార్ గాలి ఎక్కించి క్లాంపుల మీద, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే లీకున్న చోట బుడగలు వస్తాయి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) ఆవిరిని ఇంటేక్‌లోకి పంపే బ్రీదర్ గొట్టాన్ని విడిగా మూసేయాలి, లేకపోతే గాలి క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి ఆయిల్ సీళ్లను నెట్టేస్తుంది. బూస్ట్‌తో తెరుచుకుని ఎగ్జాస్ట్‌ను టర్బైన్ పక్కనుంచి మళ్లించే వేస్ట్‌గేట్‌కి వెళ్లే సన్న గొట్టం ఊడితే దీనికి పూర్తిగా రివర్స్: వేస్ట్‌గేట్ తెరుచుకోక బూస్ట్ అదుపు తప్పుతుంది, పీ0234 కోడ్‌తో కారు లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నడిచే రక్షణ స్థితి) వెళ్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే బూస్ట్ పెంచే మాట ఎత్తాలి. పెట్రోల్ కారులో అయితే 91 ఆక్టేన్‌తో పెంచడం ప్రమాదం, కనీసం 95 వాడాలి. పంపు, ఇంజెక్టర్లు సరిపడా పెట్రోల్ ఇవ్వలేకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్ కరుగుతుంది. డీజిల్‌లో బూస్ట్ ఒక్కటే పెంచితే పవర్ పెద్దగా మారదు, డీజిల్ కూడా పెరగాలి. డీజిల్ ఒక్కటే పెంచితే నల్ల పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి ముందుగా టర్బైన్‌నే దెబ్బతీస్తుంది.