సిజేరియన్ తర్వాత నొప్పి: నరాల బ్లాక్ గురించి ముందే అడగండి

సిజేరియన్ అని తేలగానే మత్తు డాక్టరుతో మాట్లాడండి. నేనూ మత్తు డాక్టర్నే. నొప్పి ఓర్చుకోవడం తల్లి లక్షణం అంటే నేనొప్పుకోను. నొప్పితో పక్కకు తిరగలేని తల్లి బిడ్డకు పాలెలా పడుతుంది?

మొదట అడగాల్సింది, ఆపరేషన్‌కు ఇచ్చే వెన్ను ఇంజెక్షన్‌లో (స్పైనల్ మత్తు) మార్ఫిన్ అనే నొప్పి మందు కలుపుతారా అని. 100 నుంచి 150 మైక్రోగ్రాములు కలిపితే దాదాపు రోజంతా పనిచేస్తుంది. దురద, వాంతులు రావచ్చు, వాటికి మందులున్నాయి. బ్లాక్ అంటే కోత ప్రాంతానికి వెళ్లే నరాల దగ్గర మందు ఎక్కించి వాటిని మొద్దుబార్చడం. మార్ఫిన్ పడితే బ్లాక్‌తో అదనంగా ఒరిగేది తక్కువే. అది కుదరకపోయినా, పూర్తి మత్తులో ఆపరేషన్ జరిగినా బ్లాక్ కావాలని గట్టిగా అడగండి.

ఎక్కువగా చేసేది ట్యాప్ బ్లాక్, అంటే పొట్ట గోడ కండరాల పొరల మధ్య మందు ఎక్కించడం. కుట్లు పడ్డాక, స్పైనల్ మత్తు దిగకముందే చేస్తాం కాబట్టి సూది తెలియదు. పక్కటెముకల అంచుకూ తుంటి ఎముకకూ మధ్య అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే తెర మీద మూడు కండరాల పొరలు కనిపిస్తాయి. సూది కొన రెండో పొర దాటి మూడోదాని పైన ఆగాలి. కాస్త మందు వదలగానే ఆ రెండూ విడిపోయి మధ్యలో నల్లటి చార విచ్చుకుంటుంది. అది కనబడ్డాకే మిగతాది ఎక్కిస్తాను, మధ్యమధ్య సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుంటూ. రెండో వైపూ ఇంతే.

మీ బరువు సరిగ్గా చెప్పండి, మోతాదు దాన్నిబట్టే. బ్లాక్‌లో వాడే తిమ్మిరి మందు బుపివకైన్ మొత్తం కిలోకు 2 మిల్లీగ్రాములు దాటనివ్వను, సర్జన్ కోత దగ్గర వేసే మందూ ఆ లెక్కలోదే. చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి, పెదాల చుట్టూ తిమ్మిరి అనిపిస్తే ఆ క్షణమే చెప్పండి, మందు రక్తంలో ఎక్కువైన గుర్తులవి.

ఇంట్లోవాళ్లకూ తెలియాల్సిందొకటి. బ్లాక్ కోత నొప్పిని ఆపుతుంది, గర్భసంచి ముడుచుకునే నొప్పిని ఆపదు. బిడ్డ పాలు తాగేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టేది అదే. దానికి మాత్రలే దిక్కు. డాక్టరు రాసిన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ గడియారం చూసి వేసుకోండి, నొప్పి వచ్చాక కాదు. పాలిచ్చే తల్లులు వీటిని వాడొచ్చు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉంటే మాత్రం ఐబుప్రోఫెన్‌కు ముందే చెప్పాలి. బ్లాక్ కొన్ని గంటల్లో దిగిపోతుంది, చాలాసార్లు అర్ధరాత్రికి. ఆ వేళ మాత్రకు నిద్ర లేపమని నర్సుకు చెప్పి పెట్టండి.

ఒక్కోసారి మందు పాకి తొడ బరువెక్కుతుంది. మొదటిసారి మంచం దిగేటప్పుడు పక్కన మనిషి లేకుండా లేవొద్దు.